చింతపండుతో కడిగిన నాణేలు

పాత నాణేలు చూసి అసలువో నకిలీవో చెప్పడం నా వృత్తి. మానేసి కొంతకాలమైంది. చూపు తగ్గింది, ఓపిక అంతకంటే తగ్గింది. అయినా గుంటూరులో ఎవరో ఒక కుర్రాడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి "మస్తాన్ గారూ, ఈ పని మాకూ నేర్పండి" అంటూనే ఉన్నాడు. అలాంటివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. బంగారు మొహరీల కథలు, వేలంపాటల వైభవాలు ఇందులో ఉండవు. ఒక సీసపు నాణెం గురించి, ఒక పిల్ల ప్రాణం గురించి ఎక్కువ ఉంటుంది. చదివాక కూడా ఇందులోకి రావాలనిపిస్తే రండి, మీ ఖర్మ.

కాదని చెప్పడం

ఈ పనిలో ముప్పాతిక పాళ్ళు "కాదండీ" అనడమే. ఫోన్లలో వీడియోలు వస్తున్నాయి కదా, ఈ బిళ్ళ మీ ఇంట్లో ఉంటే మీరు లక్షాధికారులేనని. అవి తీసేవాణ్ణి ఒక్కణ్ణి నా చేతికివ్వండి, మిరపకాయల టిక్కీలో, అదే గోనె బస్తాలో, కూర్చోబెట్టి మూతి కుట్టేస్తాను. వాళ్ళ మాట నమ్మి ఎంతమంది మా గడప తొక్కారో!

ఒకసారి ప్రత్తిపాడు వైపు రైతొకాయన మిర్చి యార్డు నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. చొక్కాకి ఇంకా ఘాటు అంటుకునే ఉంది. ఆ ఏడు ధర పడిపోయింది, మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. రుమాలులో చుట్టిన బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. మొన్నమొన్నటి దాకా మనందరి జేబుల్లో తిరిగిన మామూలు బిళ్ళ.

"దీనికేం విలువ లేదండీ" అన్నాను.

"ఇంకోసారి చూడండి. అద్దం పెట్టి చూడండి."

అద్దం పెట్టి చూశాను. చూడక్కర్లేదని నాకు తెలుసు, చూడాలని ఆయనకుంది. మళ్ళీ అదే చెప్పాను. ఆయన టీ ఇస్తే తాగి, బిళ్ళ అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

అందుకని చెబుతున్నాను, నాణెం తెచ్చిన మనిషి మొహం కూడా చూడండి. వాడికి దాంతో ఏం పనిబడి తెచ్చాడో కనుక్కోండి. మా రోజుల్లో ఈ మాట ఎవరూ చెప్పలేదు. నేను చాలా ఏళ్ళు నాణెం మాత్రమే చూశాను.

చలపతి గారి సబ్బు

మా నాన్న దూది ఏకేవాడు, పరుపులు కుట్టేవాడు. నాకు దూది పడేది కాదు, ఒకటే దగ్గు. అందుకని పట్నం బజారులో పాత సామాను, పాత నాణేలు అమ్మే చలపతి గారి కొట్లో చేర్చాడు. చలపతి గారు నోరు తెరిస్తే తిట్టు ముందు, మాట తర్వాత వచ్చేది. మనిషి మాత్రం నిఖార్సు. దొంగ నాణేన్ని అసలుదని చెప్పి అమ్మమంటే సొంత అన్ననైనా మెట్లు దింపేసేవారు.

"ఒరేయ్ మస్తానూ, బొమ్మ చూడకురా, బొమ్మ చూస్తే మోసపోతావ్. అంచు చూడు" అనేవారు. అచ్చులో పోసిన దొంగ నాణేనికి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉంటుంది. ఆకురాయితో దాన్ని గీకేస్తారు గానీ, గీకిన జాడ మిగులుతుంది. దెబ్బ కొట్టి ముద్ర వేసిన నాణెమైతే అంచు పగులుతుంది, ఒకపక్కకి సాగుతుంది. అంచు తర్వాత తూకం, తూకం తర్వాత పైపొర. బొమ్మ అన్నిటికన్నా చివర. నాకు తెలిసిన విద్యంతా ఇంతే, మిగతాది చూడగా చూడగా కంటికి అలవాటయ్యేది.

మన వైపు దొరికే పాత నాణేల్లో ఎక్కువ సీసపువి. అమరావతి స్తూపం కట్టిన కాలంలో సాతవాహనులు వేసినవి. పల్నాడులో పత్తి చేలు దున్నితే ఇప్పటికీ పైకి వస్తుంటాయి. భూమిలో దొరికింది సర్కారుకు అప్పజెప్పాలని చట్టం. అప్పజెప్పిన పుణ్యాత్ముణ్ణి నేనైతే చూడలేదు. అమ్మకాల జోలికి నేను పోలేదు. చూసి చెప్పడం వరకే నా పని అని చెప్పుకుంటూ బతికాను.

కొట్లో చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం అన్నం గిన్నె మూత తీయబోతే చలపతి గారు గుడ్లురిమారు. "ముందు చేతులు కడుక్కుచావు. సబ్బుతో. మోచేతుల దాకా." నాకు తల కొట్టేసినట్టయింది. సాయిబుల పిల్లాణ్ణని అంటు పాటిస్తున్నారనుకున్నాను. ఇంటికెళ్ళి నాన్నతో చెప్పుకుని ఏడ్చాను కూడా. తీరా గమనిస్తే ఆయనే నాకంటే ఎక్కువసేపు తోముకునేవారు, గోళ్ళ సందుల్లో పుల్ల పెట్టి మరీ.

ఒకరోజు తనే చెప్పారు. ఆయన తమ్ముడు అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చేవాడట. ఆ చేత్తోనే ఇడ్లీ తినేవాడు, అక్షరాన్ని పెదాల మధ్య పట్టుకునేవాడు. ముందు కడుపునొప్పి మొదలైంది. తర్వాత మణికట్టు వాలిపోయింది. ఎలా వాలిపోయిందో చలపతి గారు తన చెయ్యి చాపి, మణికట్టు దగ్గర వదిలేసి చూపించారు. చిగుళ్ళ మీద నీలం గీత కూడా పడిందట.

"పళ్ళకి సిరా అంటిందనుకున్నాంరా మేం. సీసం ముట్టిన చేత్తో ముద్ద ముట్టావంటే నీ చేతులు నేనే విరగ్గొడతా" అన్నారు. తమ్ముడు ఏమయ్యాడని నేను అడగలేదు. కొట్లో గోడ మీద దండ వేసిన ఫొటో ఉండేది.

తోముడు

చింతపండు సంగతి చెప్పాలి. ఇత్తడి గానీ రాగి గానీ కంటపడితే మనవాళ్ళకు చేతులు ఊరుకోవు. దీపపు కుందులు, చెంబులు, పూజ సామాను అన్నీ చింతపండుతో తోమాల్సిందే, తళతళలాడాల్సిందే. పాత నాణెం దొరికినా అంతే. పిడికెడు చింతపండు, గుప్పెడు ఉప్పు వేసి నానబెడతారు. రాగి నాణేనికి వందల ఏళ్ళుగా పట్టిన పచ్చటి పొర ఆ దెబ్బతో పోతుంది. ఇక దానికి దిక్కూమొక్కూ లేదు.

సీసపు నాణెం గతి ఇంకా ఘోరం. భూమిలో ఉన్నన్నాళ్ళూ దాని మీద బూడిద రంగు పొర కడుతుంది. లోపలి సీసాన్ని కాపాడేది ఆ పొరే. పులుపు తగిలితే పొర కరిగిపోతుంది. ఆపకపోతే సీసమూ కరుగుతుంది. నీళ్ళలోకి దిగుతుంది.

తెలియక తోమేవాళ్ళను నేను తిట్టను. కొనేవాళ్ళను తిడతాను. పెద్ద ఊళ్ళలో ఏసీ గదుల్లో ఆల్బమ్‌లు పెట్టుకునే బాబులు కొందరికి మెరుపు కావాలి, బొమ్మ ఫొటోలో స్పష్టంగా పడాలి. మట్టి రంగు చూస్తే మొహం చిట్లిస్తారు. మీరెంత మొత్తుకున్నా వినరు. అక్కడ వాళ్ళు మెరుపు అడుగుతుంటే ఇక్కడ పల్లెల్లో తోమేవాళ్ళు తయారయ్యారు.

తేలికైన ఏనుగులు

సాంబయ్యది దాచేపల్లి అవతల ఒక ఊరు. మోటారు సైకిల్ మీద తిరుగుతూ పాత ఇనుము, పాత పేపర్లు కొనేవాడు. చేలల్లో దొరికిన బిళ్ళలు కూడా కొనేవాడు. నా దగ్గరికి తెచ్చి, అసలువని నా నోటితో అనిపించుకుని, పైఊళ్ళ వాళ్ళకు అమ్ముకునేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. నవ్వుతూ వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా మా ఆవిడకు గోంగూరో దొండకాయలో తెచ్చేవాడు.

ఒక ఎండాకాలం ఏనుగు బొమ్మ ఉన్న సీసపు నాణేలు తెచ్చాడు. అన్నీ ఒకే చేలో దొరికాయన్నాడు. ముందువైపు తొండం ఎత్తిన ఏనుగు, వెనకవైపు నాలుగు గుండ్రాలు కలిపిన గుర్తు. అంచు, తూకం, ముద్ర అన్నీ సరిగ్గా ఉన్నాయి. రెండు వేల ఏళ్ళ నాటివి, అసలువే అని చెప్పాను.

తర్వాత అదే చేలోవని మరికొన్ని తెచ్చాడు. తూకం తక్కువగా ఉన్నాయి. ఆ తర్వాత తెచ్చినవి ఇంకా తక్కువ. ఒళ్ళంతా గుంటలు పడి, ఎవరో కొరికి వదిలేసినట్టున్నాయి. నకిలీవేమోనని చాలాసేపు చూశాను. కావు. అసలు నాణేలే, కరిగిపోయి ఉన్నాయి.

"వీటినేం చేస్తున్నావయ్యా సాంబయ్యా?"

"కడిగిస్తన్నానండీ. తెల్లగా ఉంటేనే కొంటామంటన్నారు. మా ఊళ్ళో నాగేంద్రం అని ఒకమ్మాయుందిలెండి. చింతపండులో నానేసి, శుభ్రంగా తోమి ఇచ్చుద్ది. మిరప కోతలు అయిపోయినయ్ గదా, ఆడోళ్ళకి పనుల్లేవు. ఇది నీడపట్టున పని."

"నాణేలు పాడైపోతున్నాయి. ఆపించు" అన్నాను. నేను నాణేల సంగతే మాట్లాడాను. అందులోంచి పోయిన సీసం ఎటు పోయిందన్నది నా బుర్రకు తట్టలేదు.

కొన్నాళ్ళకు సాంబయ్య ఉత్త చేతులతో వచ్చాడు.

"ఈసారి ఆలీసమైద్దండీ. నాగేంద్రం కూతురికి ఒంట్లో బాగోలా. కడుపునొప్పని మెలికలు తిరిగిపోద్ది. తిండి మానేసింది. ఇప్పుడు చెయ్యి కూడా వాలిపోయింది. గాలి సోకిందంటన్నారు."

"చెయ్యి వాలిపోయిందా? ఎలాగ?"

సాంబయ్య తన చెయ్యి ముందుకు చాపి, మణికట్టు దగ్గర వదిలేశాడు. అది కొంకిలా వేలాడింది. ఆనాడు చలపతి గారు చూపించింది అచ్చం ఇదే.

"బండి తియ్యి" అన్నాను.

"ఎక్కడికండీ, ఈ ఎండలో?"

"మీ ఊరికిరా సన్నాసీ! తియ్యి బండి!"

దేవుడి బిళ్ళ

నాగేంద్రం వాళ్ళది నాపరాళ్ళ గోడలు, పైన రేకులు ఉన్న ఇల్లు. మొగుడు సున్నపురాయి క్వారీలో పనికి వెళ్ళాడు. ఇంట్లో నాగేంద్రం, ఆమె అత్త వెంకాయమ్మ, ఉయ్యాల్లో చంటి పిల్లాడు, చాప మీద జబ్బుపడ్డ కూతురు. ఆ పిల్ల పేరు లావణ్య. ఇంకా బళ్ళో వేసే వయసు కాలేదు. పొయ్యి పక్కనే ఒక మట్టి దాకలో నాణేలు నానుతున్నాయి. నీళ్ళు పులిసి నురగ కట్టాయి. పక్కన ఇంకో దాకలో పులుసు ఉంది. ఏది ఏ దాకో చూడగానే చెప్పడం కష్టం.

నేను ఎవరినో చెప్పకుండానే పిల్ల పక్కన కూర్చుని పైపెదవి ఎత్తి చూశాను. చిగురు వెంట నీలం గీత ఉంది.

"నాణేలు నోట్లో పెట్టుకునేదా అమ్మా ఈ పిల్ల?"

"చప్పరిచ్చేదండీ" అంది నాగేంద్రం. "పుల్లపుల్లగా, తియ్యతియ్యగా ఉంటయ్యనేది. చింతపండే గదా అని నేనూ ఊరుకున్నా. ఎందుకండీ?"

అప్పుడే పిల్ల తల దగ్గర ఇత్తడి గ్లాసు కనబడింది. అంచుకి కుంకుమ బొట్టు. అడుగున ఒక ఏనుగు నాణెం.

"ఇదేమిటి?"

"తీర్థమండీ. వినాయకుడి బిళ్ళ. పూటపూటా చింతపండుతో తోమి, నీళ్ళలో ఏసి తాపిస్తన్నాం. గాలి పోద్దంట."

మన పల్లెల్లో ఇది పాత అలవాటే. ఊళ్ళో ఎవరో ఒకరింట్లో రాముడి పట్టాభిషేకం బిళ్ళ ఒకటి ఉంటుంది. పిల్లలకు జబ్బు చేస్తే అది కడిగిన నీళ్ళు తెచ్చి పట్టిస్తారు. వెండి బిళ్ళ అయితే దాంతో లాభం ఎంతో నాకు తెలియదు గానీ నష్టం లేదు. ఇది సీసం. నోట్లో పెట్టుకున్న సీసంతో జబ్బుపడ్డ పిల్లకు, ఆ జబ్బు పోవడానికి సీసమే తాగిస్తున్నారు. 

"అమ్మా, అది సీసం. విషం. ఆ నీళ్ళు పారబొయ్యి. పిల్లను ఇప్పుడే గుంటూరు తీసుకెళదాం."

వెంకాయమ్మ లేచి నిలబడింది. "దేవుడి నీళ్ళని విషమంటావేందయ్యా? నీ దేవుడు వేరు, నీకేం తెలుసుద్ది మా సంగతి?"

"దేవుడు కాదమ్మా, ఆ లోహం..."

"చింతపండు మేం రోజూ తింటన్నాం. బిళ్ళ దేవుడిది. ఇంక విషం యాడ నుంచి ఊడిపడింది? చెప్పు!"

చెప్పాను. సీసం ఎలా కరుగుతుందో చెప్పాను, చిగురు గీత చూపించాను, అచ్చాఫీసు మనిషి సంగతి చెప్పాను. సాంబయ్య కూడా "ఈయన చెబుతన్నాడు గదా, వినండి" అన్నాడు. గోడకు చెప్పినట్టయింది. వెంకాయమ్మకు కోపం పెరిగింది. నాగేంద్రం మాత్రం నా వైపు కొంచెం జాలిగా చూస్తూ, తెలియనివాడికి తెలియజెప్పినట్టు మాట్లాడింది.

"ఇది అట్టాంటిట్టాంటి బిళ్ళ గాదండీ. అసలుది. గుంటూరులో పెద్దాయన అద్దం పెట్టి చూసి చెప్పాడంట, రెండువేల ఏళ్ళ నాటిదని. సాంబయ్య బాబాయే చెప్పాడు. అసలుది గాబట్టి పని చేసుద్దని, ఇదొక్కటీ అడిగి ఉంచుకున్నా."

సాంబయ్య తల దించుకున్నాడు.

"ఆ పెద్దాయన్ని నేనే" అన్నాను.

నాగేంద్రం మొహం ఒక్కసారిగా విప్పారింది. రెండు చేతులూ జోడించింది. "అయితే మీరే చెప్పండయ్యా. ఇది అసలుదేనని చెప్పండి. మంగళారం దాకా తాపిస్తే తగ్గుద్దంట. అప్పటికీ తగ్గకపోతే మీరన్నట్టే గుంటూరు తీసుకొస్తా."

అలా అంటూనే పిల్ల తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. గ్లాసు నోటి దగ్గర పెట్టింది. ఆ పిల్ల అలవాటుగా నోరు తెరిచింది.

"ఆగు!" అని అరిచాను. "అది నకిలీది."

నాగేంద్రం చెయ్యి ఆగిపోయింది.

"ఇటివ్వు" అని నాణెం తీసుకుని, గుమ్మంలో వెలుగులోకి వెళ్ళి, వాళ్ళకు కనబడేలా అద్దం పెట్టి చూశాను. తోమి తోమి అరిగినా అంచు మీద దెబ్బ పగులు అలాగే ఉంది. తొండం ఎత్తిన ఏనుగు స్పష్టంగా ఉంది. సాంబయ్య తెచ్చిన వాటన్నిటిలోకీ మంచి నాణెం అది.

"దొంగ బిళ్ళ. మొన్నెవరో అచ్చులో పోసింది" అన్నాను.

"అదేందండీ! మీరే గదా..." అన్నాడు సాంబయ్య.

"నోర్ముయ్యి!"

నాగేంద్రం గ్లాసులో నీళ్ళు వాకిట్లోకి విసిరికొట్టింది. నా చేతిలో నాణెం లాక్కుని సాంబయ్య మొహాన కొట్టింది. "దొంగ బిళ్ళ ఇచ్చి నా బిడ్డకి తాపిచ్చావా బాబాయ్? నీ చేతులు పడిపోను!" అని గుండెలు బాదుకుంది. వెంకాయమ్మ పిల్లను భుజానేసుకుంది. కాసేపట్లో ఆటో వచ్చింది, పిల్లను ఎక్కించాం. విషమని గొంతు చించుకుంటే కదలనివాళ్ళు, నకిలీ అనగానే కదిలారు.

దొంగ అన్న పేరు

గుంటూరు ఆసుపత్రిలో సీసమని చెప్పగానే డాక్టర్లకు అర్థమైంది. చేయాల్సిందంతా చేశారు, వాళ్ళనేమీ అనడానికి లేదు. పిల్లకు ఫిట్స్ మొదలయ్యాయి, తగ్గలేదు. లావణ్య దక్కలేదు. దీని గురించి ఇంతకంటే రాయలేను.

ఆసుపత్రి వరండాలో సాంబయ్యకు నిజం చెప్పాను. నాణెం అసలుదేనని, పిల్లను చంపింది నాణేలు కడిగిన నీళ్ళేనని, ఇంకెవరి చేతా కడిగించవద్దని.  నిజం ఊళ్ళో చెప్పేస్తాడేమోనని నేను అనుకున్నాను. చెప్పలేదు. వాడి లెక్క వాడికుంది. నకిలీ అంటే వాడు మోసగాడు, నాలుగు తిట్లతో పోతుంది. అసలుదంటే పిల్ల చావుకు కారణం వాడే. దొంగ అన్న పేరు మోయడమే వాడికి తేలిక. నాణేల వ్యాపారం మానేసి పాత ఇనుముకు పరిమితమయ్యాడు. నా గురించి మాత్రం కనబడినవాళ్ళకల్లా చెప్పాడు, మస్తాన్‌కి కళ్ళు పోయాయి, అసలుదీ నకిలీదీ తెలియడం లేదని. నా దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గారు. పోనీలే, దానికి నేనేం ఏడవలేదు.

నాగేంద్రానికి నేను చెప్పలేదు. డాక్టర్లు సీసమన్నా, అది దొంగ బిళ్ళలోని సీసమనే ఆమె అనుకుంది. కడుపుకోతతో ఉన్న తల్లికి, నీ చేత్తో నువ్వే తాగించావని ఏ నోటితో చెబుతాను? బిళ్ళ నకిలీదనుకుని సాంబయ్యను తిట్టుకుంటే ఆమెకు అదే కాస్త నయం అనుకున్నాను. మా ఆవిడ కూడా చెప్పొద్దనే అంది.

నాగేంద్రం మళ్ళీ వచ్చింది

పత్తి తీతలు మొదలయ్యాక ఒక ఉదయం నాగేంద్రం మా ఇంటికి వచ్చింది. చంకలో పిల్లాడు. ఉయ్యాల్లో ఉన్నవాడే, నడక నేర్చే వయసుకు వచ్చాడు. మనిషి బాగా చిక్కిపోయింది. మా ఆవిడ కూర్చోమని పీట వేస్తే కూర్చుని, పిల్లాడి చొక్కా పైకెత్తింది. మొలతాడుకి ఒక నాణెం వేలాడుతోంది.

"వీడికీ నాలుగు రోజుల నుంచి ఒంట్లో నలతగా ఉందండీ. పాలు కక్కుతన్నాడు" అంది. "పత్తి తీస్తా ఉంటే చేలో ఇది నా కాలికే తగిలింది. దేవుడే చూపిచ్చాడనుకున్నా. కానీ మళ్ళీ మోసపోతానేమోనని బయమండీ. ఆళ్ళక్కకి దొంగ బిళ్ళ కడిగి తాపి పోగొట్టుకున్నా. అసలుదయితే బతికేది నా తల్లి. మొహమాటం లేకుండా దొంగదని చెప్పింది మీరొక్కరే. ఇది అసలుదో కాదో చూసి చెప్పండి."

మొలతాడు విప్పకుండానే నాణెం నా వైపు తిప్పి పట్టుకుంది. అద్దం అక్కర్లేకుండానే తెలిసింది. తొండం ఎత్తిన ఏనుగు. అసలుదే.

 అసలుదంటే ఈవిడ ఇంటికెళ్ళి చింతపండు నానబెడుతుంది. నకిలీదంటే ఇంకో నాణెం కోసం చేలన్నీ గాలిస్తుంది, ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఆనాడు నేనాడిన అబద్ధం అంత పని చేసింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

"నాగేంద్రం, ఇది అసలుదే" అన్నాను. ఆమె కళ్ళు మెరిశాయి. "ఆగమ్మా, పూర్తిగా విను. ఆ రోజు మీ ఇంట్లో చూసింది కూడా అసలుదే."

"ఏదండీ?"

"లావణ్యకు తాగించింది. నువ్వు నీళ్ళు పారబోస్తావని నకిలీదన్నాను. నేను అబద్ధం చెప్పాను."

ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. దాకలో నానిన నాణేలు, కరిగిన సీసం, పిల్ల చప్పరించడం, చిగురు మీద గీత, ఆసుపత్రిలో డాక్టర్లు రక్తంలో చూసింది. మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇస్తే అందుకోలేదు.

"అయితే గాలి గాదా?"

"కాదమ్మా."

"దొంగ బిళ్ళ వల్లా గాదా?"

"కాదు."

"మరి నేను తాపిన నీళ్ళేనా?"

"ఆ నీళ్ళే" అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పిల్లాణ్ణి ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, వంగి, మొలతాడు పళ్ళతో కొరికి తెంపింది. నాణెం గచ్చు మీద పడింది.

"మీకు చూపిచ్చిందాకా ఆగుదామనే అనుకున్నానండీ. ఆగలేకపోయా. నిన్న రెండు పూటలు తాపా. ఇయ్యాల పొద్దున బస్సెక్కే ముందు గూడా తాపా" అంది. "లేవండి. ఆ ఆసుపత్రికే పోదాం."

ఆటోలో పిల్లాడి నోరు కొంగుతో మళ్ళీ మళ్ళీ తుడుస్తూ కూర్చుంది. వాడి ఒంట్లోకి వెళ్ళింది కొద్దిగానే అని, తొందరగా తెచ్చారని డాక్టర్లు తర్వాత చెప్పారు, వాడు దక్కాడు. కానీ ఆ పూట మాకెవరికీ ఆ సంగతి తెలియదు. ఆసుపత్రి గేటు దగ్గర దిగాక నాగేంద్రం ఆగి, నా మొహంలోకి చూసింది.

"నా పిల్ల పోయిన్నాడే ఎందుకు చెప్పలేదండీ? ఏడ్చి ఏడ్చి చచ్చేదాన్నేమో. కానీ వీడికి కట్టేదాన్ని గాదు గదా."

 ఆమె జవాబు కోసం ఆగలేదు. పిల్లాణ్ణి నా చేతుల్లో పెట్టి, చీటీ రాయించుకోవడానికి వెళ్ళి లైన్లో నిలబడింది. వాడు నా చొక్కా బొత్తాం పట్టుకుని నోట్లో పెట్టుకోబోయాడు. గబుక్కున లాగేశాను, వాడు ఏడుపు అందుకున్నాడు.